లక్కీ డ్రాలో పెట్టే రంపానికి పోర్టింగ్ చేయొచ్చా?

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లెటూరు. ఉద్యోగరీత్యా అమెరికాలో, పెన్సిల్వేనియాలో ఉంటున్నాను. ఇక్కడ మా ఊరి వాలంటీర్ ఫైర్ కంపెనీలో, అంటే స్వచ్ఛందంగా మంటలార్పే సంఘంలో సభ్యుణ్ణి. ప్రమాదాల్లో ఇరుక్కున్నవాళ్లను బయటికి తీసే పరికరాలు కొనడానికి విరాళాలు పోగుచేస్తున్నాం. కలప కోత పని మానేసిన పక్కింటాయన తన పాత హస్క్‌వార్నా 372 ఎక్స్‌పీ మిషన్ రంపం మాకు ఊరికే ఇచ్చారు. ఇక్కడ ఇలాంటి రంపాల ఇంజిన్లకు పోర్టింగ్ చేసి, అంటే సిలిండర్‌లో గ్యాసు వచ్చిపోయే దారులను (పోర్టులను) గీకి పికప్ పెంచి, లక్కీ డ్రాలో పెట్టి, వచ్చిన డబ్బు మంచి పనికి ఇవ్వడం మామూలే. కాలేజీ రోజుల్లో యమహా ఆర్ఎక్స్ 100 బైకు బోరు విప్పి బిగించిన అనుభవం ఉంది కాబట్టి ఆ పని నేనే చేస్తానని ఒప్పుకున్నాను. ఇప్పుడు టెన్షన్‌గా ఉంది. ఎంతవరకు గీకాలి, ఎక్కడ ఆగాలి? ఇంకో మాట: ఇది బాగా కుదిరితే ఇలాంటిదే ఒకటి తయారుచేసి ఊళ్లో జీడితోట చూసుకునే మా తమ్ముడికి పంపాలని ఉంది. పంపవచ్చా?

సమాధానం: పోర్టింగ్ చేయండి. ఆ రంపాన్ని మాత్రం లక్కీ డ్రాలో పెట్టకండి.

డ్రాలో ఎవరి పేరు వస్తుందో మీ చేతిలో లేదు. పాతికేళ్లు అడవిలో చెట్లు కొట్టినవాడికి రావచ్చు. మనవడి కోసం సరదాగా టికెట్ కొన్న పెద్దావిడకీ రావచ్చు. మీ రంపంలో మామూలుగా ఉండే ఏడు పళ్ల స్ప్రాకెట్ (చైన్‌ను తిప్పే చక్రం), 3/8 అంగుళం పిచ్ చైన్ లెక్క తీసుకుంటే, ఒక్కో పన్నుకు రెండు పిచ్‌ల చొప్పున ఒక చుట్టుకు చైన్ ఐదుంపావు అంగుళాలు కదులుతుంది. కంపెనీ చెప్పిన గరిష్ఠ వేగం 13,500 ఆర్‌పీఎం. అంటే లోడు లేకుండా ఫుల్ రేజ్ ఇచ్చినప్పుడు చైన్ సెకనుకు 30 మీటర్లు, గంటకు దాదాపు 108 కిలోమీటర్లు పరిగెడుతుంది. ఇది ఏమీ ముట్టుకోని రంపం సంగతి. దీనికి మీరు ఇంకాస్త పికప్ పెంచి, ముక్కూ మొహం తెలియని మనిషి చేతిలో పెడతారు. ఏదైనా జరిగితే మొదట వినిపించేది మీ ఫైర్ కంపెనీ పేరే.

చట్టం కూడా ఇక్కడ అడ్డం వస్తుంది. అమెరికా క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం పొగ ప్రమాణాలకు సర్టిఫికెట్ పొందిన ఇంజిన్‌ను ఆ ప్రమాణం చెడేలా మార్చకూడదు. కార్లకే కాదు, రంపాలకీ, గడ్డి కోసే మిషన్లకీ ఇదే రూలు. ఒక మినహాయింపు ఉంది. వాడకంలో ఉన్న ఇంజిన్‌ను పూర్తిగా పోటీల కోసమే మార్చుకోవచ్చు. అప్పుడు దాని మీదున్న ఉద్గారాల లేబుల్‌ను నాశనం చేయాలి. ఎవరికైనా అమ్మినా, అరువిచ్చినా, ఊరికే ఇచ్చినా ‘ఇది పోటీలకు మాత్రమే’ అని రాతపూర్వకంగా చెప్పాలి. డ్రాలో గెలిచినాయన దాన్ని ఇంటికి తీసుకెళ్లి కట్టెలు కోసుకోక పోటీలకా తీసుకెళ్తాడు? ఇలాంటివి వందల్లో జరుగుతున్నాయి కదా అంటారు. జరుగుతున్నాయి, నిజమే. సొంత పేరు మీద చేసేవాళ్లది వాళ్లిష్టం. మీరు ఒక సంస్థ పేరు మీద చేస్తున్నారు.

అందుకని రెండు రంపాలు పెట్టుకోండి. డ్రాలో పెట్టేది కొత్తది, విప్పనిది, వారంటీ ఉన్నది. దాంతోపాటు హెల్మెట్, చెవులకు మఫ్‌లు, కాళ్లకు కట్టుకునే చాప్స్ కూడా కలిపి పెట్టండి. డీలర్‌ను కలిసి సంగతి చెబితే లాభం వేసుకోకుండా తనకు పడిన ధరకే ఇచ్చే అవకాశం ఉంటుంది, అడగడంలో తప్పులేదు. పక్కింటాయన 372 మీ ఫైర్ కంపెనీ దగ్గరే పోటీ రంపంగా ఉండిపోతుంది. జనాన్ని లాగేది అదే.

అమెరికాలో దీనికి తయారుగా ఒక సంప్రదాయం ఉంది. విస్కాన్సిన్‌లోని హేవర్డ్‌లో 1960 నుంచి లంబర్‌జాక్ (చెట్లు కొట్టేవాళ్ల) ప్రపంచ పోటీలు జరుగుతున్నాయి. రంపాలు తయారుచేసే స్టీల్ (STIHL) కంపెనీ వాళ్ల టింబర్‌స్పోర్ట్స్ పోటీ 1985లో మొదలైంది. ఆ పోటీల్లో ‘హాట్ సా’ అని ఒక అంశం ఉంటుంది. మార్పులు చేసిన ఒంటి సిలిండర్ రంపంతో దుంగను పైనుంచి కిందికి, కింద నుంచి పైకి, మళ్లీ పైనుంచి కిందికి కోసి మూడు బిళ్లలు తీయాలి. పందెమంతా సెకన్లలో తేలిపోతుంది. మీరు చిన్న స్థాయిలో అదే పెట్టండి. ఒక పక్క మామూలు రంపం, ఇంకో పక్క మీరు పోర్టింగ్ చేసినది. ఒక్కో బిళ్లకు ఊళ్లోని ఒక్కో దుకాణం ఇంత అని స్పాన్సర్ చేస్తుంది. రాలిన బిళ్లల మీద ఫైర్ కంపెనీ ముద్ర కాల్చి వేలం వేయండి. ఫైర్‌వాళ్ల ముద్ర కాబట్టి కాల్చి వేయడమే అందం!

ఇక ఇంజిన్ సంగతి. ఆర్ఎక్స్ 100 అనుభవం పనికొస్తుంది, కొన్నిచోట్ల అదే దెబ్బతీస్తుంది కూడా.

రెండింటి బోరూ (సిలిండర్ లోపలి వెడల్పు) 50 మిల్లీమీటర్లే. ఆర్ఎక్స్ స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) కూడా 50, అందుకే 98 సీసీ. మీ రంపం స్ట్రోకు 36, అందుకే 70.7 సీసీ. ఆర్ఎక్స్ తన పదకొండు గుర్రాలనూ 7,500 ఆర్‌పీఎం దగ్గర ఇస్తుంది. రంపం పిస్టన్ 13,500 దగ్గర సెకనుకు 225 సార్లు పైకీ కిందికీ కొట్టుకుంటుంది. స్ట్రోకు పొట్టిది కాబట్టి తట్టుకుంటుంది గానీ, పిస్టన్ సగటు వేగం లెక్కేస్తే ఆర్ఎక్స్‌లో సెకనుకు 12.5 మీటర్లు, ఇందులో 16 పైన. కాబట్టి ఆర్ఎక్స్‌లో చెల్లిన చిన్నచిన్న నిర్లక్ష్యాలు ఇక్కడ చెల్లవు.

అన్నిటికంటే పెద్ద తేడా సిలిండర్ గోడలో ఉంది. ఆర్ఎక్స్ బోరులో ఇనుప స్లీవ్ ఉంటుంది. పోర్టు గీకేటప్పుడు చేయి జారితే లేత్ షాపుకి తీసుకెళ్లి బోరింగ్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేస్తాం. మీ రంపం సిలిండర్ అల్యూమినియంది. లోపల పూత చాలా పల్చన, చాలా గట్టిది. దాన్ని బోరింగ్ చేయడం కుదరదు. గ్రైండర్ ముల్లు తప్పు దిశలో తగిలితే పోర్టు అంచు దగ్గర పూత పెచ్చుగా లేస్తుంది. ఆ పెచ్చు రింగును పట్టుకుందా, సిలిండర్ చెత్తబుట్టకే. కాబట్టి పూత ఉన్న అంచును ఎప్పుడూ బోరు వైపు నుంచి బయటికి కోయాలి, బయటినుంచి లోపలికి కాదు. పని అయ్యాక పోర్టు చుట్టూ అంచును సన్నటి డైమండ్ ఆకురాయితో గుండ్రంగా చాంఫర్ చేయాలి. వేలి కొసను పోర్టు మీదుగా పైకీ కిందికీ జరిపి చూడండి. గోరుకు ఎక్కడా తట్టకూడదు. గోరుకు తట్టింది రింగుకూ తడుతుంది.

పని మొదలుపెట్టే ముందు రంపం ఇప్పుడు ఎలా ఉందో రాసి పెట్టుకోండి. చాలామంది ఇది చేయరు, చేయకుండానే ‘అబ్బో, ఎంత మారిపోయిందో’ అంటారు. ఎనిమిది అంగుళాల చదరపు దిమ్మ ఒకటి తెచ్చి, కొత్తగా పదును పెట్టిన చైన్‌తో కొన్ని కోతలు కోసి స్టాప్‌వాచ్‌తో సమయం తీసుకోండి. గుండ్రటి దుంగ అయితే ఒక్కో కోత ఒక్కో వెడల్పు ఉంటుంది, పోల్చడానికి పనికిరాదు. తర్వాత కూడా అదే దిమ్మ, అదే చైన్, అదే పదును.

ఇంకొకటి, ఇది పాత రంపం. క్రాంక్ సీళ్లు గట్టిపడి గాలి లాగుతుంటే మిక్స్చర్ (గాలిలో కలిసిన పెట్రోలు) పల్చబడి పిస్టన్ సీజ్ అవుతుంది. అప్పుడు మీ పోర్టింగ్ మంచిదా చెడ్డదా అని తేల్చుకునే అవకాశం కూడా ఉండదు. సైలెన్సర్, కార్బరేటర్ చోట్ల మూతలు బిగించి ప్రెషర్ టెస్టు, వాక్యూమ్ టెస్టు రెండూ చేయండి. ప్రెషర్‌లో నిలిచిన సీలు వాక్యూమ్‌లో కారిపోవడం మామూలే, ఒక్కటి చేసి ఊరుకోవద్దు. ఇంజిన్ బిగించాక మళ్లీ చేయాలి.

మొదటి మార్పు సైలెన్సర్. కంపెనీ పెట్టిన రంధ్రం చిన్నది, దాన్ని కాస్త పెద్దది చేస్తే ఇంజిన్‌కు ఊపిరాడుతుంది. మన ఊళ్లో కుర్రాళ్లు ఆర్ఎక్స్ సైలెన్సర్ లోపలి గొట్టం పీకేసి ‘బండి ఎగురుతోంది’ అనుకుంటారు. ఎగిరేది శబ్దం, కింది గేర్లలో లాగుడు పోతుంది. ఆర్ఎక్స్‌ది లెక్కకట్టి చేసిన పొడవాటి గొట్టం, అలల ఒత్తిడితో పనిచేస్తుంది. రంపానిది మామూలు డబ్బా, కాబట్టి తెరిచినా ఆ నష్టం ఉండదు. అయినా బయటి రంధ్రాల మొత్తం వైశాల్యం ఎగ్జాస్ట్ పోర్టును (కాలిన గ్యాసు బయటికి పోయే దారిని) మించనివ్వకండి. అందులో ముప్పాతిక వంతు చాలు. నిప్పురవ్వలు ఆపే జాలీ తప్పకుండా తిరిగి పెట్టాలి. అమెరికా నేషనల్ ఫారెస్టుల్లో అది లేని రంపం నడపనివ్వరు. అసలు మంటలార్పే సంస్థ రంపానికి జాలీ లేదంటే ఊరంతా నవ్వుతుంది.

రెండోది స్క్విష్. పిస్టన్ పైకి వచ్చినప్పుడు దాని అంచుకూ హెడ్డుకూ మధ్య మిగిలే సందు. ప్లగ్ రంధ్రంలోంచి మెత్తటి టంకం తీగను సిలిండర్ గోడ తగిలేదాకా దూర్చి, ఇంజిన్‌ను చేత్తో ఒక చుట్టు తిప్పండి. నలిగిన కొసను వెర్నియర్‌తో కొలవండి. పిస్టన్ పిన్ను ఉన్న వరుసలోనే, ఎడమా కుడీ రెండు వైపులా కొలవాలి. వేరే చోట కొలిస్తే పిస్టన్ ఊగి తప్పు లెక్క ఇస్తుంది. సిలిండర్ కింది గాస్కెట్ తీసేస్తే ఆ సందు తగ్గి కంప్రెషన్ పెరుగుతుంది. అర మిల్లీమీటరుకు తక్కువ కానివ్వకండి. వేడెక్కి వేగం పెరిగినప్పుడు అన్నీ కాస్త సాగుతాయి, పిస్టన్ హెడ్డుకు కొట్టుకుంటుంది. కొలత సరిపోతే గాస్కెట్ బదులు పెట్రోలు తట్టుకునే సీలెంట్ పల్చగా రాసి బిగించండి. సరిపోకపోతే పల్చటి గాస్కెట్ వేయండి.

గాస్కెట్ తీస్తే సిలిండర్ మొత్తం కిందికి దిగుతుంది, దాంతోపాటు పోర్టులన్నీ దిగుతాయి. ఎగ్జాస్ట్ పోర్టు, కొత్త మిక్స్చర్‌ను పిస్టన్ పైకి తెచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టులు ఆలస్యంగా తెరుచుకుంటాయి. కార్బరేటర్ నుంచి మిక్స్చర్ వచ్చే ఇన్‌టేక్ పోర్టు పిస్టన్ కింది అంచుతో నడుస్తుంది, అది మాత్రం తొందరగా తెరుచుకుంటుంది. చాలామంది ఇక్కడే తొందరపడి ఎగ్జాస్ట్ పైకప్పును గీకడం మొదలుపెడతారు. క్రాంక్‌కు డిగ్రీల చక్రం బిగించి ముందు చూడండి. కోతకు వాడే రంపంలో పిస్టన్ టాప్ దాటిన సుమారు 100 డిగ్రీలకు ఎగ్జాస్ట్, సుమారు 120కి ట్రాన్స్‌ఫర్లు తెరుచుకుంటే బాగా లాగుతుంది. మధ్యలో ఆ 20 డిగ్రీల తేడాలోనే కాలిన గ్యాసు ఒత్తిడి తగ్గి కొత్త మిక్స్చర్‌కు దారి దొరుకుతుంది. మీ కొలతలు ఈ దరిదాపుల్లో ఉంటే ఎత్తులు ముట్టుకోవద్దు. ఎగ్జాస్ట్‌ను ఎంత పైకి లేపితే అంత పై వేగంలో అరుస్తుంది గానీ, దుంగలో కాస్త నొక్కగానే చచ్చిపోతుంది. పోటీ చూసే జనానికి అరుపు నచ్చుతుంది, స్టాప్‌వాచ్‌కు నచ్చదు.

ఎత్తులు వదిలేసి దారులు శుభ్రం చేయండి. పోతపోసినప్పుడు మిగిలిన మిట్టలు, గాస్కెట్ దగ్గర మెట్లు తీసేస్తే మొదటిసారికి అది చాలు. ఎగ్జాస్ట్ వెడల్పు పెంచాలనిపిస్తే చాలా కొద్దిగా, రెండు వైపులా సమానంగా. రింగు కొసలు ఎక్కడ ఉంటాయో పిస్టన్ మీది పిన్నులు చూసి గుర్తుపెట్టుకోండి. ఆ కొస ఏ పోర్టు మీదుగానూ పోకూడదు. గ్రైండింగ్ అంతా సిలిండర్ విప్పి, వేరే బల్ల మీద చేయాలి. క్రాంక్ కేసు నోట్లో గుడ్డ కుక్కి, పైన మూత వేసి వేరే గదిలో పెట్టండి. పని అయ్యాక సిలిండర్‌ను సబ్బునీళ్లతో కడిగి, గాలి కొట్టి, మళ్లీ కడగండి.

మాగ్నెట్ కీని ఆకురాయితో రాకి టైమింగ్ ముందుకు జరపమని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. వదిలేయండి. వచ్చేది కొంచెం, దానికి బదులుగా స్టార్టింగ్ తాడు ఎదురుతన్ని వేళ్లు పట్టుకుపోతుంది.

కార్బరేటర్ ట్యూనింగ్ చెవి పని. సైలెన్సర్ తెరిచాక మిక్స్చర్ పల్చబడుతుంది కాబట్టి హెచ్ స్క్రూను (ఫుల్ రేజ్‌లో పెట్రోలు ఎంత పోవాలో చూసేది) ఎడమవైపు తిప్పి పెట్రోలు పెంచాలి. ఇంజిన్ బాగా వేడెక్కాక, చైన్ బిగుతు సరిచూసి, కొద్ది క్షణాలు ఫుల్ రేజ్ ఇవ్వండి. శుభ్రంగా, తీగ లాగినట్టు ‘ఙీ’ మంటే ప్రమాదం. కాస్త గరగరా, తడబడుతున్నట్టు వినపడాలి. అదే రంపాన్ని దుంగలో పెట్టి లోడు ఇవ్వగానే ఆ గరగర పోయి గొంతు నున్నబడాలి. దుంగలోంచి పైకి లేపగానే గరగర తిరిగి రావాలి. దుంగలో కూడా గరగరలాడితే కొద్దిగా మూయండి. టాకోమీటర్ కూడా పెట్టుకోండి, కానీ కంపెనీ చెప్పిన వేగాన్ని దాటించాలనే సరదా వద్దు. ఇథనాల్ కలవని పెట్రోలు దొరికితే అది వాడండి. లీటరుకు 25 మిల్లీలీటర్ల మంచి 2టి ఆయిల్, అంటే నలభైకి ఒకటి.

ఇంత చెప్పాక ఒక నిజం. మీరు వారాల తరబడి గీకి సంపాదించేదంతా మొద్దుబారిన చైన్ ఒక్క నిమిషంలో తినేస్తుంది. ఈనాటి చైన్ పన్ను ఆకారం ఇంజిన్‌వాళ్లు కనిపెట్టింది కాదు. ఆరెగాన్‌లో కలప పనిచేసే జోసెఫ్ కాక్స్, మొద్దును తొలుస్తున్న పురుగు దవడలు ఎడమకూ కుడికీ ఎలా కదులుతున్నాయో గమనించి చేశాడు. 1947లో ఆ చైన్‌ను అమ్మకానికి తెచ్చాడు. ఆ పన్నుకు 3/8 చైన్ అయితే 5.5 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి కావాలి. అన్ని పళ్లూ ఒకే పొడవు, ఒకే కోణం. పన్ను ఎంత లోతుకు దిగాలో నిర్ణయించే ముందు మిట్ట, అంటే రేకర్, పన్ను కొసకు 0.65 మిల్లీమీటర్ల దిగువన ఉందో లేదో గేజ్ పెట్టి చూడాలి. రేకర్లు ఎత్తుగా ఉంటే పొడి రాలుతుంది, సరిగ్గా ఉంటే పొట్టు చిన్న చిన్న రేకులుగా ఎగిరిపడుతుంది. మీ రంపం కింద ఏం రాలుతోందో చూస్తే చాలు.

పోటీ రోజు రంపం పట్టుకునేది పని తెలిసిన ఒకరిద్దరే. టికెట్ కొన్నవాళ్లకు ‘ఒక్క కోత కోసి చూడండి’ అని ఇవ్వడం వద్దే వద్దు. చైన్ బ్రేకు పోటీకి ముందు ప్రతిసారీ పరీక్షించండి. చైన్ తెగితే చివరి లింకు తుపాకి గుండులా వెళ్తుంది. అది ఎక్కువగా వెళ్లేది బారు (చైన్ తిరిగే పొడవాటి పలక) సాగిన గీతలోనే, ముందుకూ వెనక్కూ. ఆ గీతలో జనం ఉండకూడదు. కుర్చీలు పక్కన వేయండి, మధ్యలో తాడు కట్టండి. తెరిచిన సైలెన్సర్‌తో శబ్దం 110 డెసిబెల్స్ పైమాటే, ముందు వరసలో కూర్చునే పిల్లలకు చెవి మఫ్‌లు పంచండి.

కాగితాల పని క్లుప్తంగా చెబుతాను. పెన్సిల్వేనియాలో లక్కీ డ్రాకు స్మాల్ గేమ్స్ ఆఫ్ ఛాన్స్ లైసెన్సు కావాలి, కౌంటీ ట్రెజరర్ ఆఫీసు ఇస్తుంది. మీ ఫైర్ కంపెనీ దగ్గర ఇప్పటికే ఉండొచ్చు, కార్యదర్శిని అడగండి. టికెట్ కొన్న డబ్బుకు పన్ను మినహాయింపు రాదు, ‘విరాళం’ అని రసీదు రాసివ్వకండి. గెలిచిన వస్తువు విలువ గెలిచినవాళ్లకు ఆదాయం కిందికి వస్తుందని టికెట్ మీదే అచ్చు వేయించండి. ఇన్సూరెన్సువాళ్లకు కోత పోటీ సంగతి ముందే చెప్పాలి. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1736లో ఫిలడెల్ఫియాలో యూనియన్ ఫైర్ కంపెనీ పెట్టినప్పుడు సభ్యులు తోలు బకెట్లు తెచ్చుకుంటే సరిపోయింది. మీకు ఇన్ని సంతకాలు తప్పవు.

ఇక మీ తమ్ముడి సంగతి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి ఉద్దానం కొబ్బరి, జీడితోటల్ని ఎలా పడగొట్టిందో మీకు నేను చెప్పక్కర్లేదు. పడిన చెట్లు తొలగించడానికి ఊళ్లో సొంత రంపం ఉండాలనుకోవడం సబబే. పోర్టింగ్ చేసినది మాత్రం పంపకండి. తుపాను మర్నాడు ఆ రంపం ఎవరి చేతిలో ఉంటుందో తెలియదు, పెట్రోలులో ఆయిల్ ఎంత కలుపుతారో తెలియదు, పల్చటి మిక్స్చర్‌తో ఒక్క పూట నడిస్తే పిస్టన్ పోతుంది. ఆ సిలిండర్ పలాసలో ఎవరూ బాగుచేయలేరు. అమెరికా నుంచి మోసుకురావడం కూడా అనవసరం. విడిభాగాలు, సర్వీసు దగ్గర్లో దొరికే మోడలేదో విశాఖపట్నంలోనో శ్రీకాకుళంలోనో కనుక్కుని, యాభై సీసీ లోపుది అక్కడే కొనివ్వండి. జీడిచెట్టు కొమ్మలకు అంతకన్నా పెద్దది బరువు. మీరు వెళ్లేటప్పుడు చాప్స్ ఒక జత, ఆ చైన్ సైజుకు సరిపడే గుండ్రటి ఆకురాళ్లు డజను, రేకర్ గేజ్ ఒకటి పెట్టెలో పెట్టుకెళ్లండి. పడి ఒత్తిడిలో వంగి ఉన్న కాండాన్ని ఏ వైపు నుంచి ముందు కోయాలో ఒక పూట పక్కన నిలబడి తమ్ముడికి చూపించండి. ఫైర్ కంపెనీలో మీకు అది నేర్పే ఉంటారు.